సొంత పెట్టె, ఎవరిదో ఆట

అరచేతిలో ఇమిడే కంప్యూటర్ బోర్డుతో పాతకాలపు వీడియో గేమ్ పార్లర్‌ను ఇంట్లోనే కట్టుకోవచ్చు. పెట్టె చేయడం తేలికే. అందులో నడిచే ఆట ఎవరి సొత్తన్నదే అసలు చిక్కు

ఆ ఆట అసలు పేరు 'కాడిలాక్స్ అండ్ డైనోసార్స్'. కానీ 1990ల్లో వీడియో గేమ్ పార్లర్‌కు వెళ్లి ఆ పేరు చెబితే యజమాని తల గోక్కునేవాడు. 'ముస్తఫా' అనాలి. జపాన్‌కు చెందిన క్యాప్‌కామ్ కంపెనీ 1993లో విడుదల చేసిన ఈ ఆటలో నలుగురు వీరులు ఉంటారు. వాళ్లలో అందరికన్నా వేగంగా కదిలే ముస్తఫా కైరో పేరే ఉపఖండంలో ఆటకు స్థిరపడిపోయింది. తెలుగు పట్టణాల్లోనే కాదు, ఢాకాలోనూ, కరాచీలోనూ కుర్రాళ్లు దాన్ని పిలిచింది ఆ పేరుతోనే. సినిమా హాలు పక్క సందులోనో, బస్టాండు ఎదుట షట్టరు గదిలోనో రూపాయి బిళ్లో, యజమాని ఇచ్చిన టోకెనో వేసి, ఉన్న లైఫ్‌లు అయిపోయేదాకా మీట తిప్పడం, బటన్లు బాదడం. ఆ తర్వాత వెనక నిలబడినవాడి వంతు.

ఆ గదులు ఇప్పుడు దాదాపు లేవు. ముందు ఇంటి కంప్యూటర్, తర్వాత ఇంటర్నెట్ సెంటర్, చివరికి మొబైల్ ఫోన్ వాటిని ఊడ్చేశాయి. కానీ ఆనాటి కుర్రాళ్లు ఉన్నారు. నలభైల్లోకి వచ్చిన వాళ్లలో కొందరు ఇప్పుడు ప్లైవుడ్ షీటు, అరడజను రంగు బటన్లు, ఓ జాయ్‌స్టిక్, క్రెడిట్ కార్డంత కంప్యూటర్ బోర్డు కొనుక్కుని ఆ పార్లర్‌ను హాల్లో ఓ మూలకు తెచ్చుకుంటున్నారు. ఖర్చు ఓ మాదిరి స్మార్ట్‌ఫోన్‌కు పెట్టే దానికి మించనక్కర్లేదు. నైపుణ్యం, వడ్రంగం కొంత, వైరింగ్ కొంత, ఓపిక మరికొంత.

ఇది పాత జ్ఞాపకాల సరదాగా కనిపిస్తుంది. నిజానికి ఈ చెక్కపెట్టె రెండు పెద్ద విషయాలను మన ముందుకు తెస్తుంది. మొదటిది, కంప్యూటర్‌ను వాడటానికీ, దాన్ని విప్పి చూసి అర్థం చేసుకోవడానికీ మధ్య ఉన్న తేడా. రెండోది, కంపెనీలు అమ్మడం మానేసిన ఆట ఎవరిది అన్న ప్రశ్న. పెట్టె పూర్తిగా తయారు చేసినవారిదే. దాన్ని ఎవరూ కాదనరు. అందులోని ఆట సంగతి అలా కాదు.

కేంబ్రిడ్జి నుంచి వచ్చిన బోర్డు

ఈ పెట్టెల్లో ఎక్కువగా కనిపించే బోర్డు రాస్ప్‌బెర్రీ పై. అది ఆటల కోసం పుట్టలేదు, కానీ దాని పుట్టుకలో ఆటల పాత్ర ఉంది. 2000ల మధ్యలో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ కోసం దరఖాస్తు చేసే విద్యార్థుల సంఖ్య తగ్గుతూ వచ్చింది. వచ్చినవారికీ ప్రోగ్రామింగ్ అనుభవం అంతంతమాత్రం. 1980ల్లో పిల్లలకు ఇంటి కంప్యూటర్ ఆన్ చేయగానే ప్రోగ్రాం రాయమన్నట్టు ఖాళీ తెర ఎదురయ్యేది. తర్వాతి తరానికి ఎదురైంది గేమ్ కన్సోళ్లు, సీల్ వేసిన యంత్రాలు. విప్పితే వారంటీ పోయే రకం. ఎబెన్ అప్టన్, ఆయన సహచరులు ఈ లోటు తీర్చాలనుకున్నారు. పిల్లాడు పాడుచేసినా తల్లిదండ్రులు గుండె బాదుకోనంత చవకైన కంప్యూటర్ కావాలి. 2009లో రాస్ప్‌బెర్రీ పై ఫౌండేషన్ పేరిట స్వచ్ఛంద సంస్థ ఏర్పడింది. దాని వ్యవస్థాపకుల్లో డేవిడ్ బ్రేబెన్ ఒకరు. 1984లో బీబీసీ మైక్రో కంప్యూటర్ కోసం ఇయాన్ బెల్‌తో కలిసి 'ఎలైట్' అనే అంతరిక్ష వ్యాపార ఆటను రాసింది ఆయనే.

2012 ఫిబ్రవరి 29న 35 డాలర్లకు తొలి బోర్డు అమ్మకానికి వచ్చింది. మొదటి విడతగా తయారు చేయించింది 10,000 బోర్డులే. ఆర్డర్లు అంతకు ఎన్నో రెట్లు వచ్చిపడ్డాయి. 2015 నవంబరులో 5 డాలర్ల 'పై జీరో'ను ఏకంగా ఒక పత్రిక ముఖచిత్రానికి అతికించి ఉచితంగా పంచారు. 2024 జూన్‌లో రాస్ప్‌బెర్రీ పై వ్యాపార సంస్థ లండన్ స్టాక్ ఎక్స్ఛేంజీలోకి అడుగుపెట్టే నాటికి అమ్ముడైన బోర్డులు 6 కోట్లు దాటాయి. వాటిలో పెద్ద భాగం ఫ్యాక్టరీ యంత్రాల్లోకీ, పరికరాల్లోకీ వెళ్లింది. బడిపిల్లల కోసం తలపెట్టిన సరుకు పరిశ్రమకు ముడిసరుకైంది.

ఈ కథలో భారత్‌కూ ఒక పాత చుట్టరికం ఉంది. 1984-85లో కేంద్ర ప్రభుత్వం 'క్లాస్' పేరుతో పాఠశాలల్లో కంప్యూటర్ అక్షరాస్యత పథకం మొదలుపెట్టినప్పుడు బడులకు చేరింది ఏకార్న్ కంపెనీ వారి బీబీసీ మైక్రోలే. ఆ ఏకార్న్ ఇంజనీర్లు 1985లో రూపొందించిన ప్రాసెసర్ నమూనా పేరు ఆర్మ్. ఇవాళ మన ఫోన్లలోనూ, రాస్ప్‌బెర్రీ పైలోనూ ఉన్నది ఆ వంశపు చిప్పే. అంటే ఆనాడు మన బడుల్లో గాజు తలుపుల వెనక, తాళం వేసిన గదుల్లో ఉండిపోయిన యంత్రానికి మనవడి వరస అయ్యే బోర్డు ఇప్పుడు వంటింటి బల్ల మీద ఆట పెట్టెకు ప్రాణం పోస్తోంది.

వడ్రంగం సగం, వైరింగ్ సగం

పెట్టె తయారీకి కావలసినవి ప్రత్యేకమైనవేం కావు. దిల్లీ లజపత్‌రాయ్ మార్కెట్, ముంబై లామింగ్టన్ రోడ్, చెన్నై రిచీ స్ట్రీట్, బెంగళూరు ఎస్పీ రోడ్, హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీ లాంటి చోట్ల ఎలక్ట్రానిక్ భాగాల కోసం తిరిగేవారికి ఇవన్నీ తెలిసిన సరుకే. జాయ్‌స్టిక్, బటన్ల సెట్లు ఆన్‌లైన్‌లోనూ దొరుకుతాయి. తెరకు కొత్తగా డబ్బు పెట్టాల్సిన పనిలేదు. అటకెక్కిన పాత ఎల్‌సీడీ మానిటర్ చాలు. పైగా ఆనాటి ఆటలు చాలావరకూ 4:3 నిష్పత్తి తెర కోసం తయారైనవే కాబట్టి వెడల్పాటి కొత్త టీవీ కన్నా పాత మానిటరే నప్పుతుంది.

పనిలో అందరినీ ఆకట్టుకునే భాగం చేతులు పెట్టే పలక. జాయ్‌స్టిక్ అడుగున చూస్తే పెద్ద రహస్యమేం ఉండదు. నాలుగు దిక్కులకూ నాలుగు చిన్న స్విచ్‌లు. మీటను పక్కకు తోస్తే ఆ వైపు స్విచ్ నొక్కుకుంటుంది. మూలకు తోస్తే రెండు స్విచ్‌లు ఒకేసారి నొక్కుకుంటాయి. బటన్ కూడా అంతే, ఒక్కోదాని కింద ఒక్కో స్విచ్. ముస్తఫాకు ప్రధానంగా రెండే బటన్లు, కొట్టడానికి ఒకటి, దూకడానికి ఒకటి. 1991లో వచ్చిన 'స్ట్రీట్ ఫైటర్ 2'కు మాత్రం ఆరు కావాలి, మూడు గుద్దులకు, మూడు తన్నులకు. వీటికి తోడు కాయిన్ బటన్, స్టార్ట్ బటన్. అంటే ఒక్కో ఆటగాడికి మీట స్విచ్‌లు నాలుగు, బటన్లు ఎనిమిది, మొత్తం 12. ఇద్దరికి 24. రాస్ప్‌బెర్రీ పై అంచున ఉన్న 40 పిన్నుల్లో ఇలాంటి సంకేతాలు అందుకోగలిగేవి 26. లెక్క సరిగ్గా సరిపోతుంది.

స్విచ్ ఒక కాలు పిన్నుకు, రెండో కాలు గ్రౌండ్‌కు కలుపుతారు. నొక్కనప్పుడు ఆ పిన్ను మీద 3.3 వోల్టులు ఉంటాయి. నొక్కగానే అది సున్నాకు పడిపోతుంది. ఆ పడిపోవడమే సాఫ్ట్‌వేర్‌కు 'గుద్దు' అన్న ఆజ్ఞ. ఇక్కడే తొలి పాఠం కూడా ఉంది. ఈ పిన్నులు తట్టుకోగలిగేది 3.3 వోల్టులే. పక్కనే ఉన్న 5 వోల్టుల పిన్ను నుంచి పొరపాటున వైరు తగిలిందంటే బోర్డుకు నూకలు చెల్లినట్టే. అంత సాహసం వద్దనుకునేవారికి యూఎస్‌బీ ఎన్‌కోడర్ అనే చిన్న కార్డు ఉంది. బటన్ల వైర్లన్నీ దానికి గుచ్చి, ఒక్క తీగతో బోర్డుకు కలిపితే సరి. సాల్డరింగ్ కూడా అక్కర్లేదు.

చెక్క పని వడ్రంగికి అప్పగించవచ్చు. కాకపోతే కొలతలు మాత్రం కట్టేవారే తేల్చుకోవాలి. బల్ల మీద పెట్టుకునే చిన్న పెట్టెకు 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ సరిపోతుంది. బటన్ల కోసం 30 మిల్లీమీటర్ల రంధ్రాలు వేయాలి. అందుకు డ్రిల్‌కు తగిలించే గుండ్రటి రంపపు బిళ్ల కావాలి. చెక్క మీద వేసే ముందు అట్ట మీద కోసి చేతులు పెట్టి చూసుకుంటే మేలు. ఇద్దరు పక్కపక్కన నిలబడితే మోచేతులు తగలకూడదు కదా! ఆ దూరం ఎంతన్నది ఎవరి ఒళ్లును బట్టి వారిది.

ఇక సాఫ్ట్‌వేర్. రెట్రోపై, బటోసెరా, రికాల్‌బాక్స్, లక్కా లాంటివి ఉచితంగా దొరుకుతాయి. కంప్యూటర్‌లో డౌన్‌లోడ్ చేసి, మైక్రో ఎస్‌డీ కార్డులోకి రాసి, బోర్డులో పెట్టి ఆన్ చేయాలి. తెర వెలుగుతుంది, ఏ బటన్ దేనికో అడుగుతుంది, ఒక్కోటీ నొక్కి చెప్పాలి. అంతా అయ్యాక ఆటల జాబితా వస్తుంది. అది ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీ ఎందుకుందో అర్థం కావాలంటే, ఆ సాఫ్ట్‌వేర్ చేసే పనేమిటో తెలియాలి.

యంత్రంలో యంత్రం

పార్లర్‌లోని పెట్టెలో ఉండేది మామూలు కంప్యూటర్ కాదు, ఆ ఆట కోసమే అమర్చిన సర్క్యూట్ బోర్డు. 1980లో నామ్‌కో విడుదల చేసిన 'ప్యాక్‌మ్యాన్'లో జెడ్80 ప్రాసెసర్ వేగం 3 మెగాహెర్ట్జ్‌కు కాస్త పైన. ముస్తఫా బోర్డులోని ప్రధాన ప్రాసెసర్ మోటరోలా 68000. తొలి యాపిల్ మెకింతోష్‌లోనూ అదే రకం. తెర మీద అడ్డంగా 384, నిలువుగా 224 చుక్కలు, మొత్తం 86,000 పైచిలుకు. ఇప్పటి మామూలు ఫుల్ హెచ్‌డీ తెరకు 20 లక్షలకు పైగా ఉంటాయి. అంత తక్కువలోనే డైనోసార్లు, కార్లు, పేలుళ్లు అన్నీ నడిపించారు.

ఆ బోర్డులోని చిప్‌లలో రాసి ఉన్న ప్రోగ్రాంను బయటికి తీసి మరో కంప్యూటర్ మీద నేరుగా నడిపితే నడవదు. భాష వేరు. అందుకే ఎమ్యులేటర్ కావాలి. అది పాత ప్రాసెసర్‌లా, పాత సౌండ్ చిప్‌లా, పాత తెరలా నటించే సాఫ్ట్‌వేర్. ఆటకు తాను 1993 నాటి సొంత బోర్డు మీదే ఉన్నాననిపిస్తుంది. ప్రతి ఆజ్ఞనూ చదివి, కొత్త ప్రాసెసర్ భాషలోకి మార్చి, ఫలితాన్ని సెకనుకు సుమారు 60 సార్లు తెర మీద గీయాలి. ఒక్కో చిత్రానికి దొరికే వ్యవధి 17 మిల్లీసెకన్లలోపే. అసలు యంత్రానికి ఎన్నో రెట్ల వేగం ఉంటే తప్ప ఈ నటన కుదరదు. 2016లో వచ్చిన పై 3లోని నాలుగు కోర్లు, 1.2 గిగాహెర్ట్జ్ వేగం ఆ తరం ఆటలకు సరిపోయాయి. ఇంటి పెట్టెల మోజు ఊపందుకోవడంలో దాని పాత్ర తక్కువేం కాదు.

ఈ రంగంలో పెద్ద పేరు మేమ్. ఇటలీకి చెందిన ప్రోగ్రామర్ నికోలా సాల్మోరియా 1997 ఫిబ్రవరిలో దాని తొలి రూపాన్ని విడుదల చేశారు. అప్పటినుంచి ప్రపంచం నలుమూలల స్వచ్ఛంద ప్రోగ్రామర్లు దాన్ని పెంచుతూ వచ్చారు. 2016 మార్చిలో అది పూర్తిస్థాయి ఓపెన్ సోర్స్ అయింది. తమ లక్ష్యం ఆడించడం కాదు, ఆ యంత్రాలు ఎలా పనిచేశాయో నమోదు చేయడమని, ఆటలు ఆడగలగడం దాని వల్ల కలిగే అదనపు ఫలమని ఆ బృందం చెబుతుంది. వినడానికి లాయరు మాటలా ఉన్నా ఇందులో నిజం ఉంది. ముస్తఫా చరిత్రే అందుకు సాక్ష్యం.

బ్యాటరీ ఆయుష్షే ఆట ఆయుష్షు

నకిలీ బోర్డుల బెడద తప్పించుకోవడానికి క్యాప్‌కామ్ ఓ ఉపాయం పన్నింది. ముస్తఫాతో సహా కొన్ని ఆటల బోర్డుల్లో శబ్దాన్ని నడిపే ప్రోగ్రాంను సంకేత భాషలోకి మార్చేసింది. దాన్ని విప్పే తాళంచెవి ప్రత్యేక ప్రాసెసర్‌లోని మెమరీలో ఉంటుంది. ఆ మెమరీని నిలిపేది బోర్డు మీద ఉన్న చిన్న బ్యాటరీ. అది అయిపోయిందా, తాళంచెవి చెరిగిపోతుంది. బోర్డు మళ్లీ పనిచేయదు. ఔత్సాహికులు దీనికి పెట్టిన పేరు 'ఆత్మహత్య బ్యాటరీ'. తర్వాత వచ్చిన సీపీఎస్-2 తరం బోర్డుల్లో ఇదే పద్ధతిని ఆట మొత్తానికీ విస్తరించారు.

ఇక్కడో వింత ఉంది. నకిలీ బోర్డులు తయారు చేసినవారు ఆ ప్రాసెసర్‌ను కాపీ కొట్టలేక, దాన్ని తీసేసి శబ్దానికి వేరే చిప్ పెట్టారు. అలాంటి ముస్తఫా నకిలీలను మేమ్ తన జాబితాలో విడిగా నమోదు చేసింది. శబ్దం నాసిరకం, కానీ బ్యాటరీ బెడద లేదు. అంటే కంపెనీ ముద్ర ఉన్న బోర్డుకు పుట్టుకతోనే చావు రాసిపెట్టి ఉండగా, దొంగ బోర్డుకు ఆ గండం లేదు. పార్లర్లలో మనం విన్న సంగీతం అసలుదో నకిలీదో ఇప్పుడు తేల్చడం కష్టం.

సీపీఎస్-2 సంకేత భాష రహస్యాన్ని 2007లో సాల్మోరియా, ఆండ్రియాస్ నైవ్ ఛేదించారు. ఆ తర్వాత చచ్చిన బోర్డులకు తిరిగి ప్రాణం పోసే పద్ధతులనూ ఔత్సాహికులే కనిపెట్టారు. జీతం ఇచ్చింది ఎవరూ లేరు. అడిగింది ఎవరూ లేరు. వాళ్లు పూనుకోకపోతే ఆ ఆటల్లో కొన్ని ఇవాళ ఫొటోల్లో మాత్రమే మిగిలేవి.

కొనుక్కుంటామన్నా అమ్మేవారు లేరు

ఇదంతా దొంగతనానికి పూసిన రంగు కాదా అన్న అనుమానం సహజం. ఎమ్యులేటర్ వరకైతే కాదు. సోనీ, కనెక్టిక్స్ కేసులో 2000లో అమెరికా అప్పీళ్ల కోర్టు ఎమ్యులేటర్ తయారీలో భాగంగా చేసిన రివర్స్ ఇంజనీరింగ్‌ను న్యాయబద్ధ వినియోగంగానే పరిగణించింది. పేచీ ఆట ఫైళ్లతో. వాటిని పంచుతున్న వెబ్‌సైట్ల మీద నింటెండో వేసిన కేసులో 2018లో కోటి 20 లక్షల డాలర్లకు పైగా చెల్లించేలా తీర్పు వెలువడింది. 2024 మార్చిలో యుజు అనే ఎమ్యులేటర్ బృందం అదే కంపెనీతో 24 లక్షల డాలర్లకు రాజీ కుదుర్చుకుని దుకాణం కట్టేసింది. అది పాత ఆటల ఎమ్యులేటర్ కాదు, మార్కెట్‌లో అమ్ముడవుతున్న స్విచ్ కన్సోల్‌ది.

భారత చట్టం మరీ కఠినమైనదేం కాదు. 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రాంను చట్టబద్ధంగా సంపాదించుకున్న వ్యక్తి, నష్టపోకుండా బ్యాకప్ తీసుకోవచ్చు. సొంతంగా చట్టబద్ధంగా పొందిన ప్రతి నుంచి లాభాపేక్ష లేని వ్యక్తిగత వాడకానికి కాపీ చేసుకోవచ్చు, మార్పులు కూడా చేసుకోవచ్చు. 2012 సవరణతో వచ్చిన 65ఏ సెక్షన్ సాంకేతిక తాళాలు పగలగొట్టడాన్ని నేరం చేసింది గానీ, హక్కులు ఉల్లంఘించే ఉద్దేశం ఉంటేనే. మరోవైపు 63బీ సెక్షన్ ఉంది. అక్రమ ప్రతి అని తెలిసీ ప్రోగ్రాంను కంప్యూటర్‌లో వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా విధించవచ్చు. లాభం కోసం కాకపోతే జైలు లేకుండా జరిమానాతో సరిపెట్టే వెసులుబాటు కోర్టుకు ఉంది.

ఈ సెక్షన్లన్నీ 'చట్టబద్ధంగా పొందిన ప్రతి' చుట్టూ తిరుగుతాయి. పార్లర్‌లో వందల బిళ్లలు వేసిన కుర్రాడికి ఏ ప్రతీ దక్కలేదు. అతడు కొన్నది కాసేపు ఆడే అవకాశం మాత్రమే. ఇప్పుడు కొందామన్నా దారి తేలిక కాదు. 2018లో క్యాప్‌కామ్ తన పాత వీధిపోరాటం ఆటల్లో ఏడింటిని కలిపి కొత్త కన్సోళ్ల కోసం అమ్మినప్పుడు ముస్తఫా వాటిలో లేదు. ఆట ప్రోగ్రాం క్యాప్‌కామ్‌ది. కథ, పాత్రలు మార్క్ షుల్ట్జ్ గీసిన 'జెనోజోయిక్ టేల్స్' కామిక్స్‌వి. పేరులోని కాడిలాక్ జనరల్ మోటార్స్ కారు బ్రాండ్. మూడు చోట్ల అనుమతులు కావలసిన సరుకు అన్నమాట.

ఇది ఒక్క ఆట గోడు కాదు. అమెరికాలో 2010కి ముందు విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్‌లో దొరకడం లేదని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో ప్రకటించిన అధ్యయనం తేల్చింది. అలాంటి ఆటలను పరిశోధకులకు దూరం నుంచి చూపించేందుకు గ్రంథాలయాలకు మినహాయింపు ఇవ్వాలన్న విన్నపాన్ని 2024 అక్టోబరులో అమెరికా కాపీరైట్ కార్యాలయం తోసిపుచ్చింది. ఆ దారి తెరిస్తే పరిశోధన పేరుతో వినోదం సాగుతుందన్నది హక్కుదారుల భయం. ఆ భయానికీ ఆధారం లేకపోలేదు. పాత ఆటలను కొత్తగా అలంకరించి అమ్ముకోవడం ఇప్పుడు మంచి వ్యాపారమే. ఉచితంగా దొరికే చోట అది సాగదు. అయితే అమ్మే ఆటకు వర్తించే వాదనే అమ్మని ఆటకూ వర్తించాలా అన్నదే ప్రశ్న.

నష్టం ఎలా ఉంటుందో మనకు చెప్పనక్కర్లేదు. మన దేశంలో తీసిన మూకీ సినిమాల్లో అత్యధిక భాగం నామరూపాల్లేకుండా పోయాయి. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' ప్రింటు కూడా దక్కలేదు. పుణేలో నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ ఏర్పడింది 1964లో. అప్పటికే చాలా కాలిపోయాయి, కరిగిపోయాయి. సినిమాను కళగా గుర్తించేసరికి ఆలస్యమైంది. వీడియో గేమ్‌ను అలా చూడటం ఇంకా మొదలేకాలేదు. ప్రస్తుతానికి ఆ బాధ్యతను మోస్తున్నది చట్టం అంచున నిలబడ్డ ఔత్సాహికులే.

పదివేల ఆటల పెట్టె

ఈ సందిగ్ధాన్ని సొమ్ము చేసుకునేవారు ఉండనే ఉన్నారు. వేల ఆటలు ముందే నింపిన ఎస్‌డీ కార్డులు, చైనా తయారీ రెడీమేడ్ బోర్డులు ఆన్‌లైన్ అంగళ్లలో బాహాటంగా అమ్ముడవుతున్నాయి. 'పదివేల ఆటలు' అన్న ప్రకటన చూడగానే లెక్క వేసుకోవచ్చు. అన్ని హక్కులు చట్టప్రకారం కొని ఆ ధరకు ఇవ్వడం ఎవరివల్లా కాదు. ఇక్కడ మోసపోతున్నది ఆటల కంపెనీలే కాదు. రెట్రోపైలో వాడే ఎఫ్‌బీ నియో, స్నెస్9ఎక్స్ లాంటి ఎమ్యులేటర్ల లైసెన్సులు వాణిజ్య వాడకాన్ని అనుమతించవు. ఏళ్ల తరబడి ఉచితంగా రాసిచ్చినవారి కష్టం మీద మరొకరు డబ్బు చేసుకుంటున్నారు. ఇంట్లో పెట్టె కట్టుకునేవారికీ, పెట్టెలు నింపి అమ్మేవారికీ మధ్య ఉన్న గీత ఇదే.

కొనేవారికి దక్కేదీ పెద్దగా ఉండదు. పదివేల పేర్ల జాబితాలో సగం ఒకే ఆటకు దేశానికో రూపం. ఇక కట్టడంలోని పాఠం ఎలాగూ పోయింది. పాడైతే విప్పి బాగుచేసుకోవడం తెలియదు. మళ్లీ సీల్ వేసిన యంత్రమే చేతికొచ్చింది. కేంబ్రిడ్జి అధ్యాపకులు దేన్ని తప్పించాలనుకున్నారో సరిగ్గా అదే.

ఖాళీ జాబితాలో ఏం వేయాలి?

సక్రమమైన దారులు తక్కువే గానీ లేకపోలేదు. హక్కుదారులు లాభాపేక్ష లేని వాడకానికి అనుమతించిన 'రాబీ రోటో', 'గ్రిడ్లీ' లాంటి పాత ఆర్కేడ్ ఆటలను మేమ్ బృందం తన సైట్‌లోనే ఉంచింది. పాత కన్సోళ్ల కోసం ఇప్పటికీ కొత్త ఆటలు రాసి ఉచితంగానో, కొద్ది ధరకో ఇచ్చే సొంత తయారీదారులు ఉన్నారు. 'డూమ్' ప్రోగ్రాం ఇంజన్‌ను దాని కంపెనీయే 1997లో బయటపెట్టింది. దాని మీద స్వేచ్ఛగా వాడుకోగల 'ఫ్రీడూమ్' తయారైంది. కంపెనీలు తిరిగి అమ్ముతున్న పాత ఆటల సంకలనాలూ ఉన్నాయి.

అన్నింటికన్నా మంచి దారి ఇంకొకటి ఉంది. ఆటను సొంతంగా రాయడం. పైథాన్ భాషలో పైగేమ్ జీరో సాయంతో 'పాంగ్' లాంటి ఆట రాయడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. 1972లో అటారీ కోసం అలన్ ఆల్కార్న్ తయారు చేసిన ఆ ఆటలో ఉన్నవి రెండు గీతలు, ఒక బంతి, స్కోరు. ప్రోగ్రాం లేదు, ప్రాసెసర్ లేదు, అంతా సర్క్యూటే. కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో ఓ బార్‌లో పెట్టిన తొలి యంత్రం ఆగిపోతే వెళ్లి చూశారు. బిళ్లల డబ్బా పొంగిపొర్లడమే కారణమని తేలింది. తొమ్మిదో తరగతి పిల్ల ఇవాళ ఆ ఆటను తానే రాసి, తాను తొలిచిన రంధ్రాల్లో తాను బిగించిన బటన్లతో ఆడగలదు.

అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద 2016 నుంచి బడుల్లో ఒక్కో దానికి 20 లక్షల రూపాయల దాకా సాయంతో ఏర్పాటు చేసిన టింకరింగ్ ల్యాబులు 10,000. మరో 50,000 పెడతామని 2025 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. 1984లో బీబీసీ మైక్రోలతో మొదలైన పథకం నేర్పిన పాఠం ఒక్కటే. యంత్రం బడికి చేరడం వేరు, పిల్లల చేతికి చేరడం వేరు. చెక్క, వైరు, ప్రోగ్రాం, బొమ్మ, సంగీతం, చివర్లో కాపీరైట్ చట్టం, ఇన్నీ ఒకే పెట్టెలో దొరికే ప్రాజెక్టు మరొకటి వెతికినా కనపడదు.

ఇంటి పెట్టెలో కూడా కాయిన్ బటన్ ఉంటుంది. బిళ్ల వేయనక్కర్లేదు, నొక్కితే చాలు, తెర మీద క్రెడిట్ పెరుగుతుంది. ఒకప్పుడు ఆ బిళ్ల పార్లర్ యజమాని గల్లాలో పడేది. ముస్తఫా కోసం మళ్లీ ఆ డబ్బు కట్టడానికి ఈనాటి నలభై ఏళ్లవారు సిద్ధంగానే ఉన్నారు. తీసుకునే చెయ్యి మాత్రం ఇంకా ముందుకు రాలేదు.

పెట్టె కట్టబోయేవారికి

కరెంటు: పై 4కు 5 వోల్టులు, 3 ఆంపియర్లు ఇచ్చే ఛార్జర్ తప్పనిసరి. ఫోన్ ఛార్జర్‌తో సరిపెడితే ఆట మధ్యలో బోర్డు నీరసించిపోతుంది. మెనూలోంచి ఆపకుండా ప్లగ్ పీకేస్తే ఎస్‌డీ కార్డు చెడిపోవచ్చు. కోతలున్న ఊళ్లో చిన్న యూపీఎస్ మంచిది. కార్డుకు కాపీ ఒకటి తీసి పెట్టుకోవాలి.

వేడి: 80 డిగ్రీల సెల్సియస్ దాటితే బోర్డు తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. మన ఎండాకాలంలో మూసిన పెట్టెలో అది చాలా తేలిక. వెనక గాలి రంధ్రాలు, బోర్డుకు హీట్‌సింక్ పెట్టాలి.

మీట: ప్యాక్‌మ్యాన్ తరం ఆటలకు నాలుగు దిక్కుల మీట, ముస్తఫా తరానికి ఎనిమిది దిక్కుల మీట. అడుగున ఉన్న పలకను తిప్పి మార్చుకునే రకం తీసుకుంటే రెంటికీ పనికొస్తుంది.

బోర్డు: అన్నింటికన్నా కొత్తది అక్కర్లేదు. 1990ల ఆర్కేడ్ ఆటలకు పై 3 లేదా 2021లో 15 డాలర్లకు వచ్చిన పై జీరో 2 డబ్ల్యూ చాలు. 2025 చివర నుంచి మెమరీ చిప్‌ల ధరలు పెరిగి ఎక్కువ మెమరీ ఉన్న బోర్డులు ప్రియమయ్యాయి. ఈ పనికి అంత మెమరీ అవసరం లేదు.